తోడికోడలి తొమ్మిది మంది

నా తోడికోడలి మీద నాకు కుళ్ళు. ముందే ఒప్పేసుకుంటే ఒక పని అయిపోతుంది. ఆమె చీరల మీద కాదు, నగల మీద కాదు, గవర్నమెంటు ఉద్యోగం మీద కూడా కాదు. ఉద్యోగం మీద ఒకప్పుడు ఉండేది, నాలుగైదేళ్ళు గట్టిగానే ఉండేది, తర్వాత దానంతటదే చల్లారింది. ఇప్పుడున్న మంటంతా ఆమె బడిలో చాప మీద కూర్చునే తొమ్మిది మంది పిల్లల మీద.

నేను మచిలీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతికి చెబుతాను. నా క్లాసులో యాభై రెండు మంది. బెంచీకి నలుగురు పడతారు, ఐదుగురు కూర్చుంటారు. చివర కూర్చున్నవాడికి సగం ఒళ్ళు గాల్లోనే ఉంటుంది. నా తోడికోడలు, అంటే మా మరిది భార్య, దివిసీమలో కరకట్ట పక్కన ఒక ఊళ్ళో గవర్నమెంటు బడి టీచరు. ఒకటి, రెండు తరగతులు రెండూ కలిపినా తొమ్మిది మంది. వేటకి వెళ్ళేవాళ్ళ పిల్లలు ఆరుగురు, రైతుల పిల్లలు ముగ్గురు. ఏ పెళ్ళిలోనో కలిసినప్పుడు ఆమె వాళ్ళ గురించి చెబుతుంటే వినాలి. ఒకడికి పన్ను ఊడిందట, ఒకతెకి తమ్ముడు పుట్టాడట, ఇంకొకడు నాలిక బయటపెడితే తప్ప ‘శ’ రాయలేడట. ఆహా! నా క్లాసులో ఎవరికి ఎన్ని పళ్ళున్నాయో నాకేం తెలుసు? జూన్‌లో చేరినవాళ్ళ పేర్లన్నీ దసరా వెళ్ళేదాకా నా నోటికి రావు.

పైగా ఈవిడకి చదువు చెప్పింది ఒక రకంగా నేనే. ఇద్దరం ఆ ఇంటికి కోడళ్ళమయ్యాక టీచరు ఉద్యోగాల పరీక్షకని అవనిగడ్డలో కోచింగ్‌కి చేరాం. ఒకే గది, ఒకే స్టవ్వు. పిల్లల మనస్తత్వం మీద పాఠాలన్నీ నేను గడగడా అప్పజెబుతుంటే, ఆమె పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయేది. నేనే లేపి, నేనే టీ పెట్టి, నేనే ప్రశ్నలు అడిగేదాన్ని. తీరా ఫలితాలొచ్చాక చూస్తే ఉద్యోగం ఆమెకి వచ్చింది, నాకు రాలేదు. గుడివాడలో మా అత్తగారు వీధంతా లడ్డూలు పంచి, నా చేతిలో కూడా ఒకటి పెట్టి, "నీకూ వస్తుందిలేమ్మా, దేనికైనా ప్రాప్తం ఉండాలి" అన్నారు. ఆ లడ్డూ నేను తినలేదు.

యాభై రెండు మందికి చదువు ఎలా చెబుతారో తెలియనివాళ్ళకి చెబుతాను. మొదటి పీరియడ్‌లో డైరీల మీద సంతకాలు పెట్టాలి. తర్వాత నిన్నటి హోంవర్కు దిద్దాలి. తల్లిదండ్రులు నోటు పుస్తకంలో ఎర్ర టిక్కు చూస్తారు, టిక్కు లేకపోతే సాయంత్రం గేటు దగ్గర నిలబడతారు. నేను ఈ పని చేస్తున్నంతసేపూ ఆరేళ్ళ పిల్లలు బుద్ధిమంతుల్లా కూర్చోరు కదా. అందుకని మా స్కూల్లో ఒక పద్ధతి ఉంది. బాగా చదివే పిల్లని ఒకర్ని బల్ల పక్కన నిలబెడతాం. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో ముక్కా పైకి చదువుతుంది, మిగతావాళ్ళంతా వెనకాలే అంటారు. దీన్ని ‘చెప్పించడం’ అంటాం. వరండాలో నడిచే ప్రిన్సిపాల్ గారికి ఆ గొంతులన్నీ వినబడితే చాలు, క్లాసు జరుగుతున్నట్టే. గొంతులు ఆగాయంటే కిటికీలోంచి తల కనబడుతుంది.

నా క్లాసులో చెప్పించే పిల్ల నా కూతురే. దాని గొంతు ఖంగుమంటుంది, ఎక్కడా తడుముకోదు. టీచరు కూతురు కాబట్టి పెట్టుకుందని స్టాఫ్ రూములో చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ! మీ పిల్లల్ని తెచ్చి ఇలా చదివించండి చూద్దాం అన్నాను వాళ్ళ మొహం మీదే. ఒకసారి వీడియో తీసి తోడికోడలికి కూడా పంపాను. గొప్ప చూపించుకోవటానికే పంపాను, దాపరికం ఎందుకు? నీ తొమ్మిది మందిలో ఇలాంటిది ఒకతె ఉందా అని నా ఉద్దేశం. "ఎంత ముద్దుగా ఉందో అక్కా" అని జవాబు పెట్టింది. చదువు గురించి ఒక్క ముక్క రాయలేదు. చూశావా, ఓర్వలేకపోయింది అనుకుని ఆ పూట సంతోషంగా అన్నం తిన్నాను.

కిందటేడు వానలు తగ్గాక మా అత్తగారికి గుడివాడలో కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. పెద్దకోడల్ని కాబట్టి వారం రోజులు చుక్కల మందు వేసే భాగ్యం నాకే దక్కింది. తోడికోడలికి సెలవు దొరకదట, ఆ బడికి టీచరు తనొక్కతేనట. "పాపని నా దగ్గరికి పంపక్కా, నాతోపాటే బడికి వస్తుంది" అంది. మా ఆయన తీసుకెళ్ళి దించి వచ్చారు. గుడివాడలో మా అత్తగారు కట్టు లేని కంటితో నన్నే చూస్తూ, "పాపం చిన్నది, ఒక్కతే బడిని నెట్టుకొస్తోంది" అని పూటకోసారి అనటం, నాకు ఒళ్ళు మండటం. ఒక్కతేనట! తొమ్మిది మందితోనట! నా క్లాసులో అయితే మధ్యాహ్నానికి చెప్పులు తప్పిపోయిన పిల్లలే తొమ్మిది మంది ఉంటారు.

శనివారం పాపని తెచ్చుకోవటానికి వెళ్ళాను. అవనిగడ్డలో బస్సు దిగి, ఆటో పట్టుకుని తిన్నగా బడికే వెళ్ళాను. వరండాలో చాప పరిచి ఉంది. పిల్లలు అర్ధచంద్రంలా కూర్చున్నారు, వాళ్ళ ఎదురుగా ఆమె కూడా నేల మీదే కూర్చుంది. చివర పదో దానిలా నా కూతురు. నన్ను చూసి ఆమె కళ్ళతోనే కూర్చోమని చెప్పి, తన పని తను చేసుకుంటోంది. ఒక పిల్లాణ్ణి, "నువ్వు చెప్పరా, పొద్దున ఏం జరిగింది?" అని అడిగింది.

"మా నాన్న పీతలు తెచ్చాడండీ. ఒకటి బకెట్‌లోంచి పారిపోయిందండీ."

ఆ మాటలే వాడి పలక మీద రాసి వాడికిచ్చింది. వాడు తన మాటలు తనే వేలు పెట్టి చదువుకున్నాడు. అందరివీ అయ్యాక పలకలు మార్చుకున్నారు. పీతల పలక పక్కనున్న పిల్ల చేతికి వచ్చింది. ఆ పిల్ల ‘బకెట్’ దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో! నేనైతే ఆ మాట అందించేసి, ఇంకో ముగ్గుర్ని కూడా దాటేసేదాన్ని. నా తోడికోడలు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్ల మొహమే చూస్తూ కూర్చుంది. మిగతా పిల్లలు కూడా నోరెత్తలేదు, అది వాళ్ళకి అలవాటే కాబోలు. ఆ పిల్ల ‘బ’ అని, ‘కె’ అని, చివరికి తనే గట్టెక్కింది. ఇంత తీరిక దేవుడు ఆవిడకే ఎందుకు ఇవ్వాలి? నాకిస్తే నేను చెప్పనా? అంతకంటే బాగానే చెబుతాను!

మధ్యాహ్నం పిల్లలు అన్నాలకి కూర్చున్నాక ఆమె నా పక్కకి వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. పాపకి చదవటం రావట్లేదు."

నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది నాకు. "ఎవరికి, నా కూతురికా? క్లాసు మొత్తానికి చదివి చెప్పించేదే అది!"

"అదంతా నోటికి వచ్చక్కా. పుస్తకం మొత్తం వచ్చు. అక్షరాలు మాత్రం సగం కూడా గుర్తుపట్టట్లేదు. సోమవారం ఒక పిల్ల పలక చేతికిస్తే, మీ పుస్తకంలో పాఠం చెప్పింది."

"కొత్త చోటు కదా, బెదిరి ఉంటుంది."

"నేనూ అదే అనుకున్నాను. అందుకే ఇవాళ్టి దాకా నీకు చెప్పలేదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. పాపని పిలిచి, దాని సంచీలోంచి మా స్కూలు పుస్తకం తీసి, "చదువమ్మా, మీ పిన్ని వింటుంది" అన్నాను. అది నిలబడింది, గొంతు సవరించుకుంది, వేలు పెట్టింది, ఖంగున మొదలుపెట్టింది. నేను తోడికోడలి వైపు చూశాను. ఎలా చూసి ఉంటానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎప్పుడో పాలు ఒలికి ఆ పుస్తకంలో రెండు కాగితాలు అంటుకుపోయి ఉన్నాయి. పాప పేజీ తిప్పింది, రెండూ కలిసి తిరిగాయి. బొమ్మలో రామచిలుక ఉంది. పాప నోట్లో మాత్రం ఆ రెండు కాగితాల మధ్య ఉండిపోయిన రైలు పాఠమే నడుస్తోంది. వేలు చిలుక పాఠం కింద వరస తప్పకుండా కదులుతోంది. రైలు స్టేషన్ చేరేదాకా నేను ఆపలేకపోయాను. రోజూ నా మోచేతి పక్కన నిలబడి చదివే పిల్ల అది. దీపం కింద చీకటి అంటారే, ఆ దీపాన్ని నేనే.

ఏడవాల్సిన చోట నాకు కోపం వస్తుంది, అది నా పుట్టుక. ఆమె మెల్లగా, "ఈ ఏడాదికి నా దగ్గర ఉంచక్కా" అన్నదో లేదో ఎగిరిపడ్డాను.

"అదీ సంగతి! పిల్లలు తగ్గితే పక్క ఊరి బడిలో కలిపేస్తారని నీకు బెంగ. పదో పిల్ల కావాల్సొచ్చి నా కూతురికి చదువు రాదంటున్నావు."

కాదంటుందని, ఏడుస్తుందని అనుకున్నాను. ఆమె చీర కొంగుతో మెట్టు మీది మెతుకు తుడిచింది. "పది మంది అవుతారని నేనూ అనుకున్నానక్కా. నీ దగ్గర అబద్ధం ఎందుకు? కానీ అది రెండో సంగతి. మొదటిది, నువ్వు ఇప్పుడు చూసిందే."

పాప సంచీ భుజాన వేసుకుని, దాని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కి వచ్చేశాను. అవనిగడ్డ బస్టాండులో ఒక బస్సు వచ్చి ఆగింది. బోర్డు మీద గుడివాడ అని ఉంది. ఎక్కడో ఇంకా ఆశ చావక, "ఏ బస్సో చదివి చెప్పు తల్లీ" అన్నాను. అది బోర్డు వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది. మేం ఎక్కడికి వెళ్తున్నామో దానికి తెలుసు కదా. "మచిలీపట్నం!" అంది ఖంగున. పక్కనున్న పెద్దాయన ఒకాయన, "భలే చదివావే" అని బుగ్గ గిల్లాడు. ఆయనా బోర్డు చూడలేదు.

సోమవారం క్లాసులో పాపని నిలబెట్టలేదు. చెప్పించడమే ఆపేశాను. ఒక్కొక్కళ్ళనీ బల్ల దగ్గరికి పిలిచి, పుస్తకంలో లేని మాట కాగితం మీద రాసి చదవమన్నాను. గంట కొట్టేసరికి ఏడుగురయ్యారు. ఏడుగురిలో ముగ్గురు నా కూతురి లాంటివాళ్ళే. అందులో ఒకడు మొదటి బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా అరిచేవాడు. వాణ్ణి నేను తెలివైనవాళ్ళ లెక్కలో వేసుకున్నాను. ఆ ముగ్గురి నోటు పుస్తకాల్లోనూ జూన్ నుంచి నా ఎర్ర టిక్కులు ఉన్నాయి. బోర్డు మీద రాసింది బొమ్మ గీసినట్టు గీస్తారు, నేను టిక్కు పెడతాను. ఇంతలో కిటికీలోంచి తల కనబడనే కనబడింది.

"ఏంటమ్మా, క్లాసులో సౌండే లేదు?"

"చదివిస్తున్నానండీ."

"మరి వినబడట్లేదే?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆయన తప్పు లేదు. మిగతా నలభై ఐదు మందీ ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకుంటున్నారు, ఒకడు కిటికీ ఎక్కాడు. మంగళవారం మళ్ళీ చెప్పించడమే మొదలుపెట్టాను.

ఇంట్లో నేనే నేర్పుతానని రెండు వారాలు పంతం పట్టాను. నా తోడికోడలు చెయ్యగలిగింది నా కూతురికి నేను చెయ్యలేనా? సాయంత్రం యాభై రెండు నోటు పుస్తకాల సంచీ ఒక పక్క, స్టవ్వు మీద కూర ఒక పక్క, మధ్యలో పాపా పలకా. "ఇది ఏంటి? నిన్ననే కదే చెప్పాను!" అని కసిరేదాన్ని. నాలుగు రోజులకి అది అక్షరాన్ని చూడటం మానేసి, నేను అరుస్తానా లేదా అని నా మొహమే చదవటం మొదలుపెట్టింది. అందులో మాత్రం బాగా ఆరితేరింది. ఒకరోజు పలక తెమ్మంటే మంచం కింద దూరింది. బయటికి లాగబోతే మంచం కోడు పట్టుకుని, "నాకు వచ్చమ్మా, అన్నీ వచ్చు" అని ఒకటే ఏడుపు. ఆ మర్నాడు తోడికోడలికి నేనే ఫోన్ చేశాను.

"తీసుకొస్తున్నాను. నీ పది మందీ అవుతారు, సంతోషమేగా" అన్నాను. అంత దెబ్బ తిన్నా నా నోరు ఊరుకోలేదు.

"బట్టలు ఎక్కువ పెట్టకక్కా, ఇక్కడ కుట్టిస్తాను" అంది. అంతే అంది.

ప్రిన్సిపాల్ గారు టీసీ మీద సంతకం పెట్టకుండా కాసేపు పెన్ను తిప్పారు. "టీచరు పిల్లనే గవర్నమెంటు బడికి పంపితే పేరెంట్స్‌కి ఏం చెప్పమంటారండీ?" అన్నారు. వాళ్ళ పిన్నికి పిల్లలు లేరు, పాపంటే ప్రాణం అని చెప్పాను. పిల్లలు లేరన్నది నిజమే. దాన్ని అక్కడ నా పరువు కాపాడుకోవటానికి వాడుకోవటం మాత్రం పాపిష్టి పనే.

ఇక అప్పట్నుంచి నా కుళ్ళుకి కొత్త మేత దొరికింది. ప్రతి శనివారం సాయంత్రం వెళ్ళి తెచ్చుకోవటం, ఆదివారం సాయంత్రం దింపి రావటం. నేను రెండు జడలు వేస్తే, పిన్ని ఇంకా బిగించి వేస్తుందమ్మా అంటుంది. నేను చేపల పులుసు పెడితే, పిన్ని ముళ్ళు తీసి పెడుతుంది అంటుంది. మోకాలు కొట్టుకుంటే ఒకసారి "పిన్నీ!" అని ఏడ్చింది, నేను ఎదురుగానే ఉన్నాను. నా పిల్లని నా చేత్తో నేనే తీసుకెళ్ళి అప్పజెప్పుకున్నానే అని బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చిన ఆదివారాలు ఉన్నాయి. చదువు ఎంతవరకు వచ్చిందో నేను అడగలేదు. రాకపోతే భయం. వస్తే ఇంకా భయం.

మార్చిలో ఒక శనివారం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అవనిగడ్డ బస్టాండులో జనం బాగా ఉన్నారు. ఒక బస్సు వచ్చి ఆగీ ఆగకముందే తోసుకుని ఎక్కటం మొదలుపెట్టారు. అది మనదేనని ఎవరో అంటే, నేనూ పాప చెయ్యి పట్టుకుని గుంపులో పడ్డాను. పాప చెయ్యి గుంజుకుంది.

"ఆగమ్మా."

"సీటు దొరకదే, నడువు!"

అది కదల్లేదు. తల పైకెత్తి బోర్డు చూస్తోంది. ఖంగుమనే ఆ గొంతు ఏమైపోయిందో, పెదాలు మాత్రం నెమ్మదిగా కదులుతున్నాయి. "గు... డి..." అని ఆగింది. వెనకాలవాళ్ళు నన్ను తోస్తున్నారు. నా నాలిక మీద మాట సిద్ధంగా ఉంది. దాని మొహం చూసి నోరు మూసుకున్నాను. "వా... డ. గుడివాడ. అమ్మా, ఇది మామ్మ వాళ్ళ ఊరి బస్సు. మనది కాదు."

గుంపులోంచి వెనక్కి వచ్చేశాం. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. నేను కింద కూర్చుని దాన్ని గట్టిగా పట్టుకున్నాను. సంతోషమా అంటే సంతోషమే. అందులో సగానికి సగం కుళ్ళే, అదీ చెబుతున్నాను. అది మొదటిసారి తనంతట తను ఒక మాట చదివినప్పుడు ఎదురుగా నేను లేను.

"పిన్ని ఎలా నేర్పిందే నీకు?"

"ఏం చెయ్యదమ్మా. నేను చదివేదాకా ఆగుతుంది."

"నేను ఆగనా మరి?"

"నువ్వు ఆగవు" అంది. నా మొహం చూసింది. చూడటం ఇంకా మానలేదు నా తల్లి. చూసి, నన్ను ఓదార్చటానికి నా చెంప మీద చెయ్యి వేసి, "నీకు చాలామంది కదమ్మా" అంది.

పాప పోగా యాభై ఒక్కమంది. సోమవారం పొద్దున వాళ్ళంతా వచ్చి బెంచీల మీద ఇరుక్కుని కూర్చుంటారు. నేను ఒకళ్ళని నిలబెడతాను, మిగతావాళ్ళు వెనకాలే అంటారు. వాళ్ళలో ఎవరి పిన్నీ దివిసీమలో టీచరు కాదు.